చేపలకు వేలం, నీళ్లకు వంతు: మరి కరెంటుకు?

ఇవాళ్టి ఎపిసోడ్ వేలం పాట గురించి. లడ్డూ వేలం కాదు, ఐపీఎల్ వేలం అంతకన్నా కాదు. మీ ఇంట్లో ఫ్యాన్ తిప్పే కరెంటు, మీ ఫోన్ వెనకాల ఎక్కడో పనిచేసే కంప్యూటర్లు, ఈ రెండూ ఎవరికి ఎంత, ఏ టైమ్‌లో దక్కాలో వేలం పెట్టి తేల్చే పద్ధతి ఒకటుంది. అది ఎలా పుట్టింది, పొదిలి దాకా ఎలా వచ్చింది, మన బిల్లు మీద ఎలా పడింది అన్నదే ఇవాళ్టి కథ.

ముందుగా ఒక ఊరి చెరువును తలచుకోండి. పొదిలి, కంభం, గిద్దలూరు వైపు వాళ్లకు చెరువు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు మన పక్కనే ఉంది. చాలా ఊళ్లలో చెరువు దగ్గర ఒక తమాషా కనిపిస్తుంది. చెరువు ఒకటే, పద్ధతులు మాత్రం రెండు. చేపలకేమో వేలం పాట పెడతారు, ఎక్కువ పాడినవాడికి హక్కు. నీళ్లకు మాత్రం వేలం ఉండదు, వంతు ఉంటుంది. ఇవాళ పై పొలం, రేపు కింది పొలం. ఆ వంతు చూసుకోవడానికి పాతకాలంలో నీరుగంటి అని ఒక మనిషే ఉండేవాడు.

ఎందుకలా? చేప దక్కకపోతే ఒకరికి లాభం పోతుంది, అంతే. నీళ్లు దక్కకపోతే పంట మొత్తం ఎండుతుంది. డబ్బున్న ఒక్కడే నీళ్లన్నీ పాడేసుకుంటే ఊరు మిగలదు. ఈ సంగతి మన పెద్దవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టారు. ఈ చేపలు, నీళ్ల తేడాను మనసులో పెట్టుకోండి. ఎపిసోడ్ అంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఇప్పుడు పొదిలికే వద్దాం. పొదిలిలో వేలం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పొగాకు వేలం కేంద్రం. ఒకప్పుడు అది లేదు. రైతు బ్యారన్‌లో పొగాకు కాల్చి, గ్రేడ్ చేసి, కొనేవాడి కోసం ఎదురుచూసేవాడు. వచ్చినవాడు చెప్పిందే గ్రేడు, చెప్పిందే ధర. పక్క ఊళ్లో ఎంత పలికిందో తెలిసే దారి ఉండేది కాదు. 1975లో పొగాకు బోర్డు చట్టం వచ్చింది, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు మొదలైంది. వేలం పద్ధతి మొదట 1984లో కర్ణాటకలో, మరుసటి ఏడాది 1985లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టారు.

వేలం కేంద్రం వచ్చాక ఏం మారింది? బేలు బహిరంగంగా తూకానికి వస్తుంది. దానికి ఒక నంబరు, ఒక గ్రేడు పడతాయి. కొనేవాళ్లు నలుగురూ ఒకేచోట ఉంటారు. ధర అందరికీ వినపడుతుంది. నచ్చకపోతే రైతు బేలును వెనక్కి తీసుకెళ్లొచ్చు. వేలం ఇచ్చిన అసలు బలం ఇదే. దాగి ఉన్న ధరను బయటికి లాగింది.

అయితే పొదిలి రైతుకు ఇంకో మాట కూడా బాగా తెలుసు: ‘నో బిడ్’. బేలు ముందుకొస్తుంది, ఎవరూ పాడరు. కొనేవాళ్లు నలుగురే అయినప్పుడు, ఆ నలుగురూ నోరు విప్పకపోతే వేలం ఉన్నట్టా, లేనట్టా? 2020లో ధరలు పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను కూడా పొగాకు వేలంలోకి దింపింది. అంటే పాడేవాళ్లలో ఇంకొకరిని చేర్చింది. ఇక్కడి నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. వేలం దానంతట అది ధర చెప్పదు. వేలానికి ఎవరొచ్చారు, ఎంతమంది వచ్చారు అన్నదాన్ని బట్టి చెబుతుంది.

ఇక్కడి నుంచి ఒక్కసారి అమెరికా వెళ్దాం. కారణం ఉంది. కంప్యూటర్‌ను నలుగురూ పంచుకోవడానికి వేలం పెట్టిన మొదటి కథల్లో ఒకటి అక్కడే, 1960ల్లో, హార్వర్డ్ యూనివర్సిటీలో జరిగింది.

అప్పుడు కంప్యూటర్ అంటే బీరువా అంత మెషీన్. హార్వర్డ్‌లో పీడీపీ-1 అనే మెషీన్ ఉండేది. ఒకసారికి ఒకరే వాడగలరు. ప్రొఫెసర్లకు కావాలి, రీసెర్చ్ వాళ్లకు కావాలి, స్టూడెంట్లకూ కావాలి. ఎవరికి ఏ గంట ఇవ్వాలి? ఇవాన్ సదర్లాండ్ అనే ఆయన దీనికి ఒక ఉపాయం చెప్పాడు. కంప్యూటర్ స్క్రీన్ మీద గీతలు గీయడం అనే విద్యకు బాట వేసినవాళ్లలో ఆయన ఒకడు, తర్వాత ట్యూరింగ్ అవార్డు కూడా అందుకున్నాడు. 1968లో ఈ ఉపాయం మీద ఒక చిన్న వ్యాసం అచ్చు వేయించాడు.

ఉపాయం ఏమిటంటే, ప్రతి ఒక్కరికీ ఉత్తుత్తి డబ్బు ఇచ్చారు. దాని పేరు ‘యెన్’. ప్రాజెక్టు ప్రాముఖ్యాన్ని బట్టి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. కావాల్సిన గంటకు యెన్‌లతో పాడుకోవాలి. ఇంకొకరు ఎక్కువ పాడితే ఆ గంట వాళ్లదవుతుంది. నిజం డబ్బు పైసా కూడా చేతులు మారదు.

ఇందులో అసలు తెలివి ఇంకోటి. పాడుకున్న గంట అయిపోగానే యెన్‌లు మళ్లీ మీ చేతికి వచ్చేస్తాయి. ఖర్చయిపోవు, దాచుకోవడానికీ ఉండదు. మన ఫోన్ డేటాతో పోల్చండి. నెల మొత్తానికి ఒకేసారి ఇచ్చే ప్యాక్ అయితే మొదట పొదుపు, నెలాఖరులో మిగిలింది తగలేయడం. రోజుకు ఇంత అని ఇస్తే ఆ గోల ఉండదు. హార్వర్డ్‌లో కూడా నెలవారీ లెక్క పెడితే నెలాఖరులో రద్దీ అయ్యేది. యెన్ పద్ధతిలో ఆ హెచ్చుతగ్గులు ఉండవని సదర్లాండ్ రాశాడు.

జాగ్రత్తగా చూస్తే ఇది వేలం, వంతు రెండూ కలిపిన పద్ధతి. ధర తేల్చేది వేలం. కానీ ఎవరి సంచిలో ఎంత ఉండాలో ముందే కూర్చుని పంచారు. సంచి చిన్నదైనవాడికి కూడా ఏదో ఒక గంట దొరుకుతుంది. కాకపోతే పగలు రద్దీ గంట కాదు, ఎవరూ అడగని గంట. ఈ ‘ఎవరూ అడగని గంట’ మన పొలం దగ్గర మళ్లీ ఎదురవుతుంది, చూడండి.

నలభై ఏళ్లు ముందుకు వద్దాం. 2009 డిసెంబర్‌లో అమెజాన్ తన డేటా సెంటర్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లను వేలం ధరకు ఇవ్వడం మొదలుపెట్టింది. దీన్ని ‘స్పాట్’ అన్నారు. మామూలు అద్దె కంటే చాలా చవక. కానీ షరతు ఒకటి: మార్కెట్ ధర మీ పాట దాటిందా, మీ మెషీన్ వెనక్కి తీసేసుకుంటారు. పని సగంలో ఉన్నా సరే. తర్వాత 2015 నుంచి రెండు నిమిషాల ముందు హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టారు. 2017 చివర్లో అసలు పాట పాడే పద్ధతే పక్కన పెట్టి, ధరను తామే మెల్లగా మార్చుతూ వచ్చారు. చవగ్గా కావాలి అనుకున్నవాళ్లు కూడా గంట గంటకు వేలం కాసుకుని కూర్చోవడానికి ఇష్టపడలేదు. ఎప్పుడు పోతుందో తెలియని చవక కన్నా కొంచెం నిలకడ మేలు అనిపించింది.

మీరు వీడియో తెరవగానే ముందొచ్చే యాడ్ కూడా వేలం గెలిచిందే. ఆ వేలం మీరు కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. అంటే మనం రోజూ వేలాల మధ్యే బతుకుతున్నాం, చప్పుడు మాత్రం వినపడదు.

కంప్యూటర్ గంటకూ కరెంటు యూనిట్‌కూ ఒక పోలిక ఉంది. పొగాకు బేలు ఇవాళ అమ్ముడుపోకపోతే గోడౌన్‌లో పెట్టొచ్చు. ఖాళీగా పోయిన కంప్యూటర్ గంటను దాచలేం. కరెంటు కూడా అంతే, ఎంత తయారవుతుందో అంతా ఆ క్షణమే వాడాలి. బ్యాటరీల్లో దాచేది ఇప్పటికీ కొంచెమే. దాచలేని సరుకు, పంచుకోవాల్సిన సరుకు. అందుకే వేలం పెట్టాలన్న ఆలోచన ఈ రెండింటికీ వచ్చింది.

మన దగ్గర కరెంటుకు చాలాకాలం వేలం లేదు. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. తయారీ, లైన్లు, పంపిణీ అన్నీ దాని చేతిలోనే. సరిపోకపోతే ఏం చేస్తారు? కోత. ఎవరికి ఎప్పుడు కోత అన్నది ఇంజనీర్లు వేసే పట్టిక. అదొక రకం వంతు. ఆ వంతులో వ్యవసాయానికి పడిన గంటల్లో చాలాభాగం రాత్రిపూటవే. పగలు ఫ్యాక్టరీలు, ఆఫీసులు అడుగుతాయి, అర్ధరాత్రి ఎవరూ అడగరు కాబట్టి. బోరు మోటారు వేయడానికి రైతు టార్చిలైటు పట్టుకుని చీకట్లో పొలం వెళ్లేవాడు. పాములు, తేళ్లు, తెగిపడ్డ వైర్లు. పశ్చిమ ప్రకాశంలో కాలువ నీళ్లు తక్కువ, బోర్ల మీదే బతుకు. కాబట్టి ఆ రాత్రి కరెంటు బాధ ఇక్కడ ఇంకా ఎక్కువ.

హార్వర్డ్‌లో యెన్‌లు తక్కువున్నవాడికి మిగిలేదీ, పొదిలి రైతుకు దక్కిందీ ఒకటే: ఎవరూ అడగని గంట. అక్కడ వేలం, ఇక్కడ వంతు. పద్ధతి వేరైనా బలం లేనివాడికి మిగిలింది అదే. వంతు అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. వంతు వేసేవాడు ఎవరన్నది కూడా చూడాలి.

తర్వాత సంస్కరణల కాలం వచ్చింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో. 2000లో పంపిణీ కంపెనీలు, అంటే డిస్కమ్‌లు. అదే ఏడాది కరెంటు చార్జీల పెంపు మీద పెద్ద ఉద్యమం నడిచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. కరెంటు ధర అనేది మన రాష్ట్రంలో ఎప్పుడూ ఒట్టి లెక్క కాదు.

ఆ సమయానికి బయటి ప్రపంచంలో కరెంటు వేలాలు మొదలైపోయాయి. 1990లో బ్రిటన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థను విడగొట్టి, తయారుచేసేవాళ్లు రోజూ ధర కోట్ చేసే పద్ధతి పెట్టింది. 1990ల్లోనే నార్వే, స్వీడన్ కలిసి రెండు దేశాలకూ ఒకే కరెంటు బజారు పెట్టాయి. అమెరికాలో కాలిఫోర్నియా కూడా దిగింది. అక్కడ కథ అడ్డం తిరిగింది. 2000-2001లో ధరలు కొండెక్కాయి, ఇళ్లకు కోతలు పడ్డాయి. ఎన్‌రాన్ లాంటి కంపెనీల ట్రేడర్లు రూల్స్‌లో సందులు వెతికి, లేని కొరతను ఉన్నట్టు చూపించి లాభాలు తీశారని తర్వాత బయటపడింది. 2001 ఏప్రిల్‌లో పెద్ద పంపిణీ కంపెనీ పీజీ అండ్ ఈ దివాలా పిటిషన్ వేసింది. మన చెరువు భాషలో చెప్పాలంటే, పాటదారులు సిండికేట్ అయ్యారు. తేడా ఏమిటంటే వాళ్లు పాడింది చేపలు కాదు, నీళ్లు.

అంత జరిగాక, ఇండియా కొంచెం జాగ్రత్తగా అడుగేసింది. 2003 విద్యుత్ చట్టంతో దారి తెరిచారు. 2008 జూన్ 27న ఇండియన్ ఎనర్జీ ఎక్స్చేంజ్ పని మొదలుపెట్టింది. అక్కడ ఎలా జరుగుతుందో చెప్తాను, కష్టమేం కాదు.

రేపటి కరెంటుకు ఇవాళ వేలం. రేపటి రోజును పదిహేను నిమిషాల ముక్కలుగా కోస్తారు, మొత్తం 96 ముక్కలు. ప్రతి ముక్కకూ విడిగా వేలం. అమ్మేవాళ్లు మేం ఇంత ధరకు ఇంత ఇస్తాం అని, కొనేవాళ్లు మాకు ఇంత ధరకు ఇంత కావాలి అని కోట్ చేస్తారు. ఎవరి పాట ఎవరికీ కనపడదు. రెండు లెక్కలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ ఒకే ధర పడుతుంది. ఆ ముక్కలో అందరికీ అదే ధర.

చిన్న లెక్క వేద్దాం, ఇది ఉదాహరణ మాత్రమే. ముగ్గురు అమ్మేవాళ్లు, తలా 100 యూనిట్లు. మొదటివాడు 2 రూపాయలన్నాడు, రెండోవాడు 3, మూడోవాడు 5. మనకు 200 యూనిట్లు చాలు అనుకోండి. మొదటి ఇద్దరితో సరిపోతుంది, ధర 3. మొత్తం 600 రూపాయలు. ఇప్పుడు సాయంత్రమైంది, ఇంకో 50 యూనిట్లు కావాలి. మూడోవాణ్ణి పిలవాలి. ధర 5 అయింది, అదీ అందరికీ. 2 అన్నవాడికి కూడా 5 ఇవ్వాలి. 250 యూనిట్లకు 1,250 రూపాయలు. అంటే చివరి 50 యూనిట్ల కోసం మనం అదనంగా కట్టింది 650 రూపాయలు, యూనిట్‌కు 13! ఆ మూడోవాడు అడిగింది 5 మాత్రమే.

ఇది మోసం కాదు, పద్ధతే అంత. దీని వెనక ఒక తర్కం కూడా ఉంది. గెలిస్తే అందరితో పాటు అదే ధర వస్తుందని తెలిస్తే, అమ్మేవాడు తన అసలు ఖర్చునే చెబుతాడు, ఎక్కువ చేసి చెప్పాల్సిన పనిలేదు. కానీ దీనివల్లే సాయంత్రం ఏడు గంటలకు, అందరూ ఒకేసారి స్విచ్ వేసేటప్పుడు, ఆ చివరి కొంచెం కరెంటు ధర అంత భారమవుతుంది. అదృష్టం ఏమిటంటే దేశంలో కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ దీర్ఘకాల ఒప్పందాల మీదే నడుస్తుంది. ఎక్స్చేంజ్‌కి డిస్కమ్‌లు వెళ్లేది తక్కువ పడినప్పుడు, లేదా అక్కడ చవగ్గా దొరికినప్పుడు.

అయినా ఆ తక్కువ పడిన కొంచెమే మనల్ని ఏడిపించింది. 2012, 2013 గుర్తుందా? మీలో చాలామంది చిన్నపిల్లలై ఉంటారు, అమ్మానాన్నల్ని అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో గంటల తరబడి కోతలు, పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే. అదే సమయంలో ఎక్స్చేంజ్‌లో ఉత్తరాదిన కరెంటు తక్కువ ధరకు పలుకుతుంటే, దక్షిణాదిన మాత్రం ఎక్కువ పలికేది. ఒకే దేశం, ఒకే వేలం, రెండు ధరలు! ఎందుకు?

దారి లేదు కాబట్టి. దక్షిణాది గ్రిడ్‌కూ మిగతా దేశానికీ మధ్య గాజువాక, రామగుండం–భద్రావతి, తాల్చేరు–కోలారు లాంటి కొన్ని ప్రత్యేక లింకులే ఉండేవి. ఆ సన్నని దారి నిండిపోతే, ఇక దక్షిణాదిలో ఉన్న కరెంటుకే దక్షిణాది వాళ్లు తమలో తాము పోటీపడి పాడుకోవాలి. సంతలో సరుకు బోలెడుంది, బండి వచ్చే బాట లేదు. చివరికి 2013 డిసెంబర్ 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ దేశంతో కలిసింది. ఆ తర్వాత కూడా ఇంకా లైన్లు పడ్డాకే ధరల తేడా తగ్గుతూ వచ్చింది. నాణేనికి రెండో వైపూ ఉంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం అంతా చీకటైపోయినప్పుడు, కలవకపోవడం వల్లే దక్షిణాది బయటపడింది.

ఇప్పుడు వేలాన్ని తలకిందులు చేద్దాం. ఎక్కువ పాడినవాడికి కాకుండా తక్కువ పాడినవాడికి ఇస్తే? దాన్ని రివర్స్ ఆక్షన్ అంటారు. మన చీటీ పాట గుర్తు చేసుకోండి. అందరి డబ్బూ ఒకచోట ఉంటుంది, ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే ఈ నెల చీటీ వాళ్లది. సోలార్‌లోనూ అంతే, ఎవరు తక్కువ ధరకు కరెంటు ఇస్తానంటే ప్లాంటు వాళ్లది.

2010లో జాతీయ సోలార్ మిషన్ కింద మొదటి పాట జరిగింది. అప్పటికి కేంద్ర రెగ్యులేటర్ లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. పాటలో 10.95 దాకా దిగింది! 2015 నవంబర్‌లో కర్నూలు సోలార్ పార్కులో 500 మెగావాట్లకు ఎన్‌టీపీసీ పెట్టిన పాటలో అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ 4.63కు పాడింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కులో 250 మెగావాట్లు 3.15కి పోయాయి. ఆ మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44. ఏడేళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి!

ప్యానెళ్లు చవకవడం ఒక కారణం, అప్పులు తక్కువ వడ్డీకి దొరకడం ఇంకోటి. కానీ పాట లేకపోతే ఆ చవకతనం మన దాకా వచ్చేదా అన్నది అనుమానమే. గాలి కరెంటే చూడండి. ఆంధ్రలో విండ్ ప్లాంట్లకు వేలం లేకుండా రెగ్యులేటర్ నిర్ణయించిన ధర సుమారు 4.84 ఉండేది. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి విండ్‌కు వేలం పెడితే 3.46 తేలింది.

మరి వేలంతో అంతా సుఖమేనా? సన్‌ఎడిసన్ కర్నూలు పాట గెలిచిన ఆరు నెలలలోపే, 2016 ఏప్రిల్‌లో, అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. దాని ఇండియా ఆస్తుల్ని హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో కొన్నది. పాట గెలవడం వేరు, మాట నిలబెట్టుకోవడం వేరు. చెరువు వేలంలో ముందు ధరావతు కట్టించుకునేది ఇందుకే.

మాట రెండో వైపు నుంచి కూడా తప్పొచ్చు. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పాత సోలార్, విండ్ ఒప్పందాల ధరలు ఎక్కువున్నాయని, మళ్లీ బేరం ఆడాలని కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబర్‌లో కోర్టు తాత్కాలికంగా విండ్‌కు 2.43, సోలార్‌కు 2.44 కట్టమంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్, ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని తీర్పిచ్చింది. ప్రభుత్వం వైపు వాదన కొట్టిపారేసేది కాదు, పాత ధర భారం జనం మీదే పడుతుంది కదా. కంపెనీల వాదన కూడా అంతే, మూడోసారి కొట్టాక పాట మళ్లీ మొదలుపెడితే రేపు ఎవరొస్తారు? వచ్చినా ఆ భయం ఖరీదు కూడా కలిపే పాడతారు.

ఆ తీర్పొచ్చిన నెలలోపే ఇంకో దెబ్బ. 2022 ఎండాకాలం ముందే వచ్చింది, బొగ్గు కొరత పడింది. మార్చిలో ఎక్స్చేంజ్ ధర యూనిట్‌కు 20 రూపాయలు తాకింది. కేంద్ర రెగ్యులేటర్ ఏప్రిల్ మొదట్లో కలగజేసుకుని 12 రూపాయలు మించకూడదని సీలింగ్ పెట్టింది. ఏప్రిల్ 8 నుంచి రెండు వారాలు ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మళ్లీ పవర్ హాలిడే. చూశారా, వేలం ధర చేతికి అందకుండా పోయిన రోజున మళ్లీ పాత నీరుగంటే వచ్చాడు. మీకు ఇవాళ లేదు, వాళ్లకు ఇవ్వాలి అంటూ వంతు వేశాడు.

ఎక్కువ ధరకు కొన్నప్పుడు ఆ తేడా ఎక్కడికి పోతుంది? మీ ఇంటి బిల్లు తీసి చూడండి. ట్రూ-అప్, ఎఫ్‌పీపీసీఏ అని కొన్ని గీతలుంటాయి. డిస్కమ్ కరెంటు కొనడానికి అనుకున్న దానికన్నా ఎక్కువ పెట్టిన ఖర్చు, రెగ్యులేటర్ ఒప్పుకున్నంత మేరకు, ఆ గీతల్లోంచి మన మీదికి వస్తుంది. ఆ వేలంలో మనం పాడలేదు, ‘నో బిడ్’ అనే హక్కూ మనకు లేదు. పొదిలిలో రైతు బేలు వెనక్కి తీసుకెళ్లగలడు. కరెంటు వాడేవాడు నిన్నటి యూనిట్‌ను వెనక్కి ఇవ్వలేడు.

ఇక ఇప్పటి సంగతి. గత పదేళ్లలో ఒక పెద్ద మార్పు నిశ్శబ్దంగా జరిగింది: ‘ఎవరూ అడగని గంట’ చోటు మారింది. ఒకప్పుడు చవక కరెంటు అర్ధరాత్రి దొరికేది. సోలార్ పెరిగాక అది మధ్యాహ్నానికి వచ్చింది. వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు ఇవ్వడం రాష్ట్ర విధానమైంది. అది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయమే, కానీ పగటి పూట కరెంటు చవకవడం దానికి వెన్నుదన్ను. కర్నూలు, కడప పాటల్లో తగ్గిన ధర చివరికి టార్చిలైటు పట్టుకుని రాత్రి పొలం వెళ్లే బాధను కొంత తీర్చింది. వేలం చేసిన మంచి ఇది, ఒప్పుకోవాలి.

రెండో మార్పు ముందుంది. 2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు, కర్నూలు పార్కు మొత్తం సామర్థ్యమంత. కాకపోతే కర్నూలు పార్కు ఎండ ఉన్నంతసేపే ఇస్తుంది, డేటా సెంటర్‌కు రాత్రీ పగలూ కావాలి. ఇన్నాళ్లూ కంప్యూటర్ వేలం ఒక కథ, కరెంటు వేలం ఇంకో కథ. ఇప్పుడు రెండూ ఒకే తీగ మీదికి వచ్చాయి. పొదిలి బోరు మోటారు, విశాఖ సర్వర్, మీ ఫోన్ చార్జర్, అన్నీ ఒకే గ్రిడ్.

డేటా సెంటర్ రావద్దని నేను అనను. ఉద్యోగాలు, పన్నులు, కొత్త లైన్లు, కొత్త సోలార్ ప్లాంట్లు దాని వెంట వస్తే మంచిదే. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. సాయంత్రం ఏడు గంటలకు ఆ చివరి 50 యూనిట్ల ధర ఎవరి వల్ల పెరిగితే వాళ్లే కడతారా, లేక అందరి బిల్లు మీదా పంచుతారా? కొరత వచ్చిన రోజున ఎవరి పని ఆపుతారు? హార్వర్డ్‌లోలాగా, ఎవరి సంచిలో ఎంత అన్నది ముందే కూర్చుని తేల్చుకున్నామా? ఈ లెక్కలు వేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ప్రతి ఏటా చార్జీల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడుతుంది. అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు, రాసి పంపొచ్చు. పెద్ద కంపెనీల లాయర్లు తప్పకుండా వస్తారు. మన ఊరి నుంచి ఎవరూ వెళ్లకపోతే అది మన ‘నో బిడ్’.

చరిత్ర చెప్పేది నాకు ఇలా అర్థమైంది. వేలం మంచి పనిముట్టు. దాగి ఉన్న ధరను బయటికి తెస్తుంది, పొదిలిలో తెచ్చింది, కర్నూల్లో తెచ్చింది. కానీ ఏది చేప, ఏది నీళ్లు అన్నది వేలం చెప్పదు. అది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. చెరువు దగ్గర మన పెద్దవాళ్లు తేల్చుకున్నారు. గ్రిడ్ దగ్గర తేల్చుకోవాల్సింది మనం.

మీ ఊళ్లో చెరువు వేలం, నీటి వంతు ఎలా జరుగుతాయో, నీరుగంటిని చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని కామెంట్లలో రాయండి. ఈసారి కరెంటు బిల్లు వచ్చినప్పుడు మొత్తం ఎంతో ఒక్కటే చూడకుండా, పైనున్న గీతలు కూడా చదవండి.